కోడలికొక మడత కత్తి

గులాబీ రంగా? పవన్, నేను కత్తి అడిగిన బిడ్డా. నువ్వు పసిపిల్ల పుట్టినరోజుకు బొమ్మ తీసిచ్చినట్టు ఇంత గులాబీ రంగుది తీసి నా చేతుల పెడ్తివి. లేడీస్ మోడలట! కత్తిల ఆడ, మగ ఎక్కడిది? కోసిన చెయ్యికి గాజులున్నయా లేవా అని ఉల్లిగడ్డ అడుగుతదా?

తియ్యి. తీసి లోపల పెట్టు.

ఇంకోటి. ఆంటీ అనకు నన్ను. మీ నాయిన పండరి అన్న బతికున్నన్ని దినాలు "వాసంతి చెల్లె" అనే పిలిచిండు. ఆ లెక్కన నీకు మేనత్తనైత. అత్తా అను. నోరేం అరిగిపోదు.

ఎట్లుండె ఈ దుకాణం! మీ నాయిన ఉన్నప్పుడు గడప తొక్కితే ఇనుము వాసన, దాని మీద నూనె వాసన. ఇటు కొడవళ్లు, అటు గొడ్డళ్లు, నడుమ పారలు. పరకాల దిక్కు రైతులు ఎడ్లను తోలుకొచ్చినట్టు కొడుకులను తోలుకొచ్చి పదును చూపిచ్చి కొనిచ్చేటోళ్లు. ఇప్పుడేమో సెంటు వాసన. గోడ నిండ మంచుకొండ బొమ్మ. హనుమకొండల మంచు ఎన్నడు కురిసిందయ్యా? బోర్డు మీద అడ్వెంచరట. చౌరస్తా దాటుడే ఇక్కడ పెద్ద అడ్వెంచరు.

కూసోను. నిలబడే చూస్త. కూసుంటే చాయ్ తెప్పిస్తవు, చాయ్ తాగితే మొగమాటమైతది, ఆ మొగమాటంల గులాబీది అంటగడ్తవు. నాకు తెల్వదా దుకాణపోళ్ల సంగతి?

గాని ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలె నిన్ను. కత్తిని సీదా నా చేతుల పెట్టినవ్. మీ నాయిన ఎన్నడు పెట్టకపోవు. కొడవలైనా, చాకైనా, గల్లా బల్ల మీద పెట్టి "తీస్కో చెల్లె" అని రెండడుగులు వెనకకు జరిగేటోడు. పదునుది చేతిల నుంచి చేతికిస్తే ఇచ్చినోళ్లకు, పుచ్చుకున్నోళ్లకు నడుమ పొత్తు తెగుతదట! నేను పకపక నవ్వుదును. "అన్నా, ఇనుముకు మన వరసలు తెలుస్తయా? ఎవరు ఎవరికి ఏమైతరో దానికి ఎవరు చెప్పిన్రే?" అందును. ఆయన గూడ నవ్వేటోడు. నవ్వుకుంటనే బల్ల మీద పెట్టేటోడు. ఆ మూఢత్వం నీకు అంటలే. సంతోషం.

సరే, ఇంకోటి చూపియ్యి.

ఛీ! ఇదేంది, పుర్రెనా? పిడి మీద పుర్రె, దాని కండ్లల్ల ఎర్ర రాళ్లు! ఇది ఎవలు కొంటరు బిడ్డా? ఆ, నొక్కు. నొక్కితే టప్పుమని ఎగిరొచ్చింది. బాగుంది. ఇగ ఫోన్ల వీడియో తీసుకుంటరు, కింద ఒక పాట పెడ్తరు, నాలుగు లైకులు రాంగనే మొనగాండ్లైతరు. జామకాయ కోసియ్యమంటే అమ్మను పిలుస్తరు. ఎక్కువ అమ్ముడువోయేది ఇదేనంటవా? పోతది, ఎందుకు పోదు. అక్కరున్నోడు ఒక్కడు కొంటే, సోకులోడు పది మంది కొంటరు.

నవ్వుతవేంది? అమ్మేటోనివి నువ్వే గదా.

ఇది? ఇప్పు, ఇప్పు. ఒక కత్తి. ఇంకో చిన్న కత్తి. రంపం. కత్తెర. సీసా మూత తీసేది. చెంచా. పండ్లు కుట్టుకునే పుల్ల! భూతద్దం! ఇది కత్తా, సంసారమా? ఇన్నుండి దీంట్ల ఒక్కటన్న సక్కగ పనిచేస్తదా? ఆ కత్తెర చూడు, పిల్లి మీసం గూడ తెగదు. చేతుల పట్టుకుంటే రాయి లెక్కున్నది. పొద్దంత నడిచే మనిషి నడుముకు దీన్ని కట్టుకుంటే సాయంత్రానికి మనిషి ఒక దిక్కు వంగిపోతది.

చెప్త విను, నాకేం కావాల్నో. మడిస్తే పిడికిట్ల దాగాలె. తెరిస్తే బ్లేడు నాలుగు వేళ్ల వెడల్పుకు మించద్దు. ఒక్క చేత్తో తెరుచుకోవాలె, ఎందుకంటే రెండో చెయ్యి తాడు పట్టుకొని ఉంటది, లేకుంటే కొమ్మ పట్టుకొని ఉంటది. తెరిచినంక తాళం పడాలె. పని నడుమల మూసుకపోయి వేళ్లు తియ్యద్దు. వానల తడిసినా, చింతపులుసు తగిలినా తుప్పు పట్టద్దు. పిడి గరుకుగుండాలె, చెమట చెయ్యి జారద్దు. జేబుకు తగిలిచ్చుకునే కొక్కెముండాలె. అన్నిటికంటే మొదలు, బరువుండద్దు. ఉన్నదన్న సోయి ఉండాలె గాని, బరువు ఉండద్దు.

ఎక్కడ నేర్చుకున్ననంటవా? చదివిన. ఏడో తరగతి కాడ నా బడి బందైంది గాని, గ్రంథాలయం బందు కాలే. కొత్తవాడ మగ్గం మీద జంపఖానాలు నేసుకుంటనే సగం బీరువా పుస్తకాలు అర్గిచ్చిన. ఈ కత్తుల సంగతి నెల దినాల సంది చదువుతాన. ఫోన్ల గూడ చూసిన. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదువుకున్న, మెల్లగ.

ఎవరికా? మొగోడొచ్చి కొంటే ఎవరికని అడుగుతవా? పుర్రె కత్తి కొన్నోన్ని అడిగినవా? అడగవు. ఆడది కత్తి అడిగితే మాత్రం ఊరందరికి విచారణ కావాలె.

నా కోడలికి. నవ్యకు.

ఎందుకట్ల నోరు తెరుస్తవు? అత్త కోడలికి కత్తి కొంటే ఆకాశం కూలుతదా? సీరియళ్లు చూసి చూసి మీ బుర్రలు కుళ్లిపోయినయ్ బిడ్డా. అత్త అంటే విషం కలపాలె, కోడలంటే కండ్ల నీళ్లు పెట్టాలె. మేమిద్దరం ఒక్క ఇంట్ల కూసొని పుస్తకం చదువుకుంటమంటే నమ్మరు. దాని మీద ఒక్కడన్న సీరియలు తియ్యడు.

నీకు తెల్వనిది కాదు. నా కొడుకు మహిపాల్ అటవీ శాఖల బీట్ ఆఫీసరు ఉండె. ములుగు రోడ్డు మీద బండి మీద పోతాంటే లారీ గుద్దింది. నువ్వు గూడ వచ్చినవ్ ఆ దినం, నాకు యాదికున్నది, చెప్పులు లేకుంట ఉరికొచ్చినవ్. వాని కొలువు ఇప్పుడు నవ్యకు ఇచ్చిన్రు. ట్రైనింగ్ అయిపోయింది. సోమవారం తాడ్వాయి అడవిల చేరాలె. వారం దినాలు అక్కడ్నే డేరాల పండుడు, అక్కడ్నే వండుకొని తినుడు. తెల్లారితే నడుసుడు. జంతువుల అడుగులు చూసుకుంట, వేటగాండ్లు పెట్టిన ఉచ్చులు తెంపుకుంట, చెట్లను లెక్కవెట్టుకుంట. మీ బోర్డు మీద రాసుకున్నరే క్యాంపింగని, శని ఆదివారాలు పోయి మాగీ చేసుకొని ఫొటోలు దిగేది, అది కాదు. ఇది బతుకుదెరువు.

పెప్పర్ స్ప్రే వద్దు. విజిల్ వద్దు. తియ్యకు అవి, తియ్యకు. ఏం మనుషులయ్యా మీరు? ఆడది అడవికి పోతాందంటే మీకు ఒక్కటే గుర్తుకొస్తది. ఎవడో మీద వడ్తడు, అది అరుస్తది. నేను మనిషిని పొడవమని కొంటలేను కత్తి. పొడిచేటోళ్లకు పుర్రెది అమ్ముకో. నా కోడలు డేరా తాడు కోసుకోవాలె. కాలికి దెబ్బ తగిలితే గుడ్డ చింపి కట్టుకోవాలె. నైలాన్ ఉచ్చుల దుప్పి కాలు చిక్కితే తెంపాలె. మధ్యాహ్నం చెట్టు కింద కూసొని, ఎవన్ని అడగకుంట, దోసకాయ కోసుకొని తినాలె. గంతే. దోసకాయ కోసుకునుడు గూడ మీకు భయపడి చేసే పనేనా?

బాలింతకు తలగడ కింద కొడవలి పెడ్తరు. ఎందుకు? దయ్యం రావద్దని. పెద్దమనిషైన పిల్ల చేతుల ఇనుప ముక్క పెడ్తరు. ఎందుకు? గాలి సోకద్దని. లేని దయ్యానికి ఆడదాని చేతికి ఇనుమిచ్చినప్పుడు పొడుగెంత, పదునెంత అని ఒక్కడు అడగడు. ఉన్న పనికి ఇయ్యమంటే ఊరు ఊరంత పంచాయతి పెడ్తది. థూ.

నువ్వొక్కనివే కాదు. మా మరిది రాజమౌళి ఉన్నడు గదా, నిన్న నడింట్ల కూసున్నడు. నేను పోసిన చాయ్ తాగుకుంట ఏమంటడు? "వదినా, కొలువు దానికిచ్చినవ్, జీతం దానికిచ్చినవ్, ఇగ కత్తి గూడ చేతికిస్తవా? వయసు పిల్ల. పోరగాండ్లు లేకపాయె. రేపు ఇంకొకన్ని చేసుకొని పోతది, నువ్వు ఆ మగ్గం ముంగట కూసొని ఏడుస్తవ్" అంటడు. చాయ్ల బిస్కెట్ ముంచుకుంట అన్నడు ఆ మాట! బిస్కెట్ విరిగి చాయ్ల పడ్డది, దాని మీదున్న ఫికర్ నా మీద లేదు.

"పోతే పోనియ్యి. నీ అసొంటోడు తొవ్వకు అడ్డమొస్తే ఆ కత్తి అక్కరకొస్తది" అన్న. గిలాస తీసి లోపట పెట్టిన. ఇంకో చాయ్ పోయలే.

కొలువు నేను ఇచ్చుడేంది? అది పరీక్షలకు చదివింది, ఎండల ఉరికింది, కాళ్లు పుండ్లు చేసుకొని నడిచింది. నేను వద్దనలే, గంతే. వద్దనకపోవుడు గూడ పెద్ద దానమైపోయింది వీళ్లకు.

ఏది, ఆ మూలకున్నది తియ్యి. ఆ నల్లది. దాని మీద ఏం బొమ్మ లేదు గదా? అమ్ముడువోతలేదా? ఎట్ల పోతది, పుర్రె లేకపాయె.

ఊఁ.

ఇది మంచిగున్నది. బరువు చూడు, నూలు నిండిన కండె అంత గూడ లేదు. బొటనవేలు పెట్టి నెడ్తే వచ్చింది. టక్కుమన్నది, విన్నవా? అది తాళం. ఉండు, నా సంచిల పేక నూలున్నది. మస్తు దొడ్డుగుంటది ఇది, జంపఖానాది. పట్టుకో ఆ కొస. గట్టిగ పట్టుకో, భయపడకు, నీ వేళ్లతోటి నాకేం పని? ఇగో. చూసినవా? లాగలే, ఒత్తలే. తాకంగనే తెగింది. కొస గూడ చిట్లలే.

ఇదే. ఇది కత్తి అంటే. ఏం మాట్లాడదు, ఏం సోకులు పడదు.

ఇగ మూస్త ఉండు.

మూస్త...

ఎందుకు పడ్తలేదిది? ఇటు నొక్కాల్నా? వెనక నొక్కాల్నా? ఆగు, నాకు తెలుసు. నేను చదివిన. లోపల పలచని రేకు ఉంటది, అది బ్లేడు మడమకు అడ్డం పడ్తది, దాన్ని పక్కకు... పుస్తకంల బాణం గుర్తు వెట్టి చూపెట్టిండు గాని ఆ బొమ్మకు బొటనవేలు లేదాయె!

అబ్బ!

ఏం కాలే. గీసుకపోయింది జర. రక్తమేం కాదిది, రెండు బొట్లు. నవ్వు, నవ్వు. నెల దినాలు చదివి మూసుడు రాకపాయె వాసంతికి. చూపియ్యి మరి, పండ్లు ఇకిలిచ్చుడు కాదు. ఆ... వేలు ఇక్కడ. రేకును పక్కకు నూకాలె. వేలు తీసినంకనే మడవాలె. అట్లనా. మళ్ల ఒక్కసారి. నేను చేస్త, ఇటియ్యి. ఇగో, పడ్డది.

సరే. నీకు ఒక్కటి తెలుసనుకుంట. గీ ముక్క నవ్యకు గూడ సక్కగ చెప్పు. అది నాలెక్క చదివి నమ్ముకోదు, చేతుల పట్టుకొని నేర్చుకుంటది.

ధర సంగతి తర్వాత మాట్లాడుకుందం. డబ్బల వెట్టకు. గిఫ్ట్ ప్యాకు వద్దు, ఆ మెరిసే కాగితం తియ్యకు. దాని పేరు చెక్కిస్తవా? వద్దు. పేరెందుకు, కత్తికి.

ఏంది? నేనే తీసుకపోయి ఇచ్చుకోవాల్నా? ఉండు. జర ఉండు పవన్.

అది వస్తాంది. దవాఖానల ఫిట్‌నెస్ కాయితం తీసుకొని ఇటే వస్తనన్నది. వచ్చినంక నువ్వియ్యి.

అవు, నువ్వే. నీ చేత్తోటి.

ఎందుకంటే ఎందుకంటవేంది? దుకాణం నీది గదా. కొన్నది నేనే, పైసలు నేనే ఇస్త. ఇచ్చుడు మాత్రం నువ్వియ్యి. అది నన్నే ఇయ్యమన్నది, నిజమే. "నువ్వే నా చేతుల పెట్టాలె అత్తమ్మా. ఆయన పోయినంక నన్ను ఎవ్వరు ఎక్కడికి పొమ్మనలే. నువ్వొక్కదానివే పొమ్మన్నవ్. నువ్వు పెడ్తే నాకు అడవి భయమనిపియ్యది" అన్నది. ఊఁ అన్న. మగ్గం దిక్కు తిరిగి ఊఁ అన్న.

అట్ల చూడకు.

మహిపాల్ పోయిన సంది, ఎన్నడు మొదలువెట్టిన్నో నాకే తెల్వది. వంటింట్ల అది కూరగాయల చాకు అడుగుతది. "అత్తమ్మా, జర చాకు ఇటియ్యి" అని చెయ్యి చాపుతది. నేను గట్టు మీద పెడ్త. చేతుల పెట్ట. నా చెయ్యి దాని చెయ్యి దాక పోతది, పోయి, పక్కకు తిరుగుతది. అది చూసింది. సదువుకున్న పిల్ల, చూడకుంటదా? గట్టు మీదికెల్లి తీసుకుంటది, వంకాయలు కోసుకుంటది.

నేను! సగం బీరువా అర్గిచ్చిన దాన్ని. మీ నాయినను చూసి నవ్విన దాన్ని. కుడి కన్ను అదిరిందని ఆగిపోయే ఆడోళ్లను నడి బజార్ల నిలవెట్టి కడిగిన దాన్ని. లారీ ఎందుకు గుద్దింది, డ్రైవరు నిద్రపోయిండు గనుక. దానికి కత్తి లేదు, కన్ను లేదు, గాలి లేదు, ధూళి లేదు. అన్ని తెలుసు నాకు. వాడవాడకు చెప్పొచ్చిన.

గాని చెప్పు పవన్, నాకూ దానికి ఏమున్నది? నా కడుపున పుట్టలే. దాని కడుపున నా మనుమడు పుట్టలే. నడుమ ఉన్న ఒక్క మనిషి లేకుంట పోయిండు. ఇగ మిగిలిందేంది? పొద్దుగాల రెండు గిలాసల చాయ్. మాపటికి నేను నేస్తాంటే అది పుస్తకం పైకి చదువుతది. మంచి ముచ్చట వచ్చిన కాడ నేను మగ్గం ఆపుత, అది చదువుడు ఆపుతది, ఇద్దరం నవ్వుతం. గంతే. దీనికి పేరేం లేదు. అత్తాకోడళ్లంటే, వాడు ఉన్ననాడు గదా అత్తాకోడళ్లం.

నేసేదాన్ని గనుక చెప్తాన. పడుగు నిండ పోగులుంటే ఒకటి తెగినా మగ్గం ఆగదు, ముడేసి నడిపిస్తం. ఉన్నదే ఒక్క పోగైతే? దాని మీద నేనే నా చేత్తోటి కత్తి పెట్టుమంటవా?

రాజమౌళి మాట గాదు నాకు భయం. పెండ్లి చేసుకుంటే మంచిదే, నేనే ముంగట నిలబడి చేస్త. అది ఎటన్న పోనీ, ఎవన్నన్న చేసుకోనీ. అడవిల పని దొరికినంక, జీతమొచ్చినంక, ఒకనాడు అన్నం తినుకుంట, "ఈమె నాకేమైతది?" అని అనుకోవద్దు. ఆ ఒక్కటి. ఆ ఒక్కటి అనుకోవద్దు బిడ్డా.

అగో. స్కూటీ ఆపుతాంది. ఖాకీ బట్టలేసుకున్నది, చూసినవా? మహిపాల్ బెల్టే పెట్టుకున్నది, ఇంకో బెజ్జం కొట్టిచ్చి.

నేను ఆ టార్చి లైట్ల కాడ నిలబడ్త. అటు దిక్కే తిరిగి ఉంట. అది రాంగనే "మీ అత్తమ్మ కొన్నది" అని నువ్వే చేతుల పెట్టు. సీదా చేతుల పెట్టు, నీకూ దానికి తెగేదేమున్నది? మూసుడు గూడ చూపియ్యి. ఆ రేకు సంగతి మర్వకు.

...

ఇచ్చినవా?

ఏమంటాంది? తీసుకోనంటాందా? నువ్వు చాపిన చెయ్యి అట్లనే చాపినవా? ఏందే నవ్యా, పట్టుకోవే, పిలగానికి చెయ్యి గుంజుతది. నన్నే ఇయ్యమంటవా? నా వేలుకు దెబ్బ తాకింది, చూడు, రక్తం. నవ్వుతవేందే? నిజంగనే తాకింది.

మొండిది పవన్ ఇది. ఇటియ్యి. నా చేతులకియ్యి.

చెయ్యి చాపకే తల్లీ. కిందికి దించు. దించు జర.

ఇగో, బల్ల మీద పెట్టిన. తీస్కో.

తీసుకున్నది. చూసినవా? వంటింట్ల తీసుకున్నట్టే తీసుకున్నది. ఎంత సక్కగ మూసింది, ఒక్కసారికే.

ఏంది చూస్తవు? మీ నాయిన గెలిచిండనుకో, నవ్వుకో. దయ్యం లేదనే అంట నేను, ఇప్పటికీ. గాలి లేదు, ధూళి లేదు. ఎవలొచ్చి అడిగినా అదే చెప్త. చెప్పి, కత్తి మాత్రం బల్ల మీదనే పెడ్త. ఛీ, నా సదువు ఏం సదువు!

ధర జెప్పు ఇగ. పిల్ల బయటికి పోయి ఎండల నిలబడ్డది.